విద్యుత్తు, అయస్కాంతత్వం పాఠం పిల్లల చేతిలోంచి ఎక్కడ జారిపోతుంది?

మీ ప్రశ్నని నా మాటల్లో ఒకసారి చెబుతాను. డిగ్రీ ఫిజిక్స్ పిల్లలకి ఎలక్ట్రిసిటీ, మాగ్నెటిజం పేపర్ మొదటిసారి చెప్పబోతున్నారు. పిల్లలు లెక్కలు చేస్తారు, మార్కులూ తెచ్చుకుంటారు, కానీ నోటితో ఒక చిన్న ప్రశ్న అడిగితే తెల్లమొహం వేస్తారని విన్నారు. ముందే వెక్టర్ కాలిక్యులస్ అంతా పూర్తిచేయాలా, ఎక్కడ ఎక్కువసేపు ఆగాలి, ఎక్కడ పరుగెత్తవచ్చు, సమయం చాలకపోతే ఏది వదలాలి అని అడిగారు.

ఇరవై ఏళ్ళ పైనే ఈ పేపర్ చెబుతున్నాను. మొదటి మూడు నాలుగేళ్ళు బాగానే చెబుతున్నాననుకున్నాను. గాస్ నియమం (మూసి ఉన్న ఉపరితలం గుండా బయటికి పోయే మొత్తం ఫీల్డ్, అంటే ఫ్లక్స్, లోపలి ఛార్జిని బట్టి ఉంటుందనేది) చెప్పాను, గోళం, సిలిండర్, అనంతమైన పలక మూడూ బోర్డు మీద చేశాను, పరీక్షలో అందరూ అవే దించేశారు. ఒకరోజు తోచక ఒక ప్రశ్న అడిగాను. గాసియన్ ఉపరితలం, అంటే మనం ఊహించుకున్న మూసి ఉన్న ఉపరితలం, లోపల ఒక ఛార్జి ఉంది. ఇప్పుడు బయట, ఉపరితలానికి దగ్గరగా, ఇంకో ఛార్జి తెచ్చి పెట్టాను. ఉపరితలం మీద ఫీల్డ్ మారుతుందా? క్లాసులో ముప్పావు వంతు మంది మారదన్నారు. ఎందుకని అడిగితే, "ఫార్ములాలో లోపలి ఛార్జి ఒక్కటే ఉంది కదా సార్" అన్నారు. ఎదురుగా ఒక ఛార్జి తెచ్చి పెట్టినా ఫీల్డ్ మారదంటున్నారంటే, వాళ్ళకి కూలుంబ్ నియమం (ఛార్జీల మధ్య బలం దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందనేది) మీద కూడా నమ్మకం లేదన్నమాట. ఆ రోజు ఇంటికెళ్ళాక నా నోట్సు మొత్తం మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టాను.

ఇప్పుడు ఏ అధ్యాయంలోనైనా ఒకే ప్రశ్న పదేపదే అడుగుతాను: ఈ చోట ఉన్న ఈ ఫీల్డ్‌ని ఎవరు చేశారు? ఏ ఛార్జీలు, ఎక్కడ ఉన్నవి, ఏం చేస్తున్నవి? ఫార్ములా కుడివైపు ఏముందన్నది దీనికి జవాబు కాదు. ఈ తేడా పిల్లలకి తెలిసిన రోజున సగం పాఠం అయిపోయినట్టే. మిగతాదంతా ఈ ప్రశ్న చుట్టూనే చెబుతాను.

ముందు వెక్టర్ కాలిక్యులస్ సంగతి. మొదటి మూడు వారాలు గ్రేడియంట్ (వాలు), డైవర్జెన్స్ (ఒక బిందువు నుంచి విచ్చుకోవడం), కర్ల్ (ఒక బిందువు చుట్టూ తిరగడం) అని గణితం ఒక్కటే చెప్పే పద్ధతి నేనూ పాటించాను. అది వృథా అని నా అభిప్రాయం. కర్ల్ అంటే డిటర్మినెంట్ విప్పడం అని నేర్చుకుంటారు, దాని అవసరం వచ్చేసరికి అదీ మరిచిపోతారు. గాస్ నియమంతో పాటు డైవర్జెన్స్, పొటెన్షియల్‌తో పాటు గ్రేడియంట్, ఆంపియర్ నియమంతో (కరెంటు చుట్టూ అయస్కాంత ఫీల్డ్ ఎంతో చెప్పేది) పాటు కర్ల్ చెప్పండి. చెప్పేటప్పుడు రెండు బొమ్మలు తప్పకుండా గీయండి. ఒకటి, బిందు ఛార్జి ఫీల్డ్. చూడటానికి అన్నివైపులా విచ్చుకుంటోంది, కానీ ఛార్జి ఉన్న ఆ ఒక్క బిందువు తప్ప మరెక్కడా డైవర్జెన్స్ లేదు. రెండోది, తిన్నని తీగ చుట్టూ అయస్కాంత ఫీల్డ్. చూడటానికి గుండ్రంగా తిరుగుతోంది, కానీ తీగ బయట ఎక్కడా కర్ల్ లేదు. కంటికి కనిపించేది వేరు, ఆపరేటర్ కొలిచేది వేరు. తీగ బయట ఒక చిన్న తెడ్డుచక్రం పెడితే తీగ వైపు అంచుకి ఫీల్డ్ బలంగా తగులుతుంది, అవతలి అంచుకి బలహీనంగా. వంపు వల్ల వచ్చే తిప్పుడునీ ఈ తేడా వల్ల వచ్చే తిప్పుడునీ లెక్క వేస్తే రెండూ సరిగ్గా రద్దయిపోతాయి. దూరంతో పాటు ఫీల్డ్ విలోమానుపాతంలో తగ్గడం వల్లే ఇది కుదిరింది, వేరే ఏ ఘాతంతో తగ్గినా కుదరదు. ఈ ఒక్క బొమ్మ మీద అరగంట గడిపినా నష్టం లేదు.

కూలుంబ్ నియమం దగ్గర నేను ఎక్కువసేపు ఆగను. అది వాళ్ళు ఇంటర్‌లోనే చూశారు. ఒక్క టేపు ప్రయోగం చేయిస్తాను. బల్ల మీద ఒక టేపు అంటించి, దాని మీద ఇంకో ముక్క అంటించి చటుక్కున లాగితే పై ముక్కకి ఛార్జి వస్తుంది. అలా తీసిన రెండు ముక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. రెండు ముక్కల్ని ఒకదాని మీద ఒకటి అంటించి, జంటగా పైకి లేపి, వేలితో నిమిరి, తర్వాత విడదీస్తే ఆ రెండూ ఆకర్షించుకుంటాయి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అసలు ప్రశ్న ఇప్పుడు వస్తుంది. వీటిలో ఏ ముక్కనైనా చేతి దగ్గరికి తెస్తే చేతివైపే వస్తుంది. చేతికి ఛార్జి లేదు కదా, మరి ఎవరు లాగుతున్నారు? ఇక్కడే పోలరైజేషన్ (తటస్థ వస్తువులో ధన, రుణ ఛార్జీలు కాస్త చెరోపక్కకి జరగడం) మొదటిసారి వచ్చేస్తుంది, డైఎలక్ట్రిక్ (బంధక పదార్థాల) అధ్యాయం దాకా ఆగక్కర్లేదు. ఒక బిందు ఛార్జికీ తటస్థంగా ఉన్న పరమాణువుకీ మధ్య ఆకర్షణ దూరం ఐదో ఘాతానికి విలోమంగా తగ్గుతుందని వాళ్ళ చేతే రాబట్టించండి. దూరం సగం చేస్తే బలం 32 రెట్లవుతుంది. టేపు చివరి క్షణంలో ఒక్కసారిగా ఎగిరి ఎందుకు అతుక్కుంటుందో ఆ స్వభావం అందులో కనిపిస్తుంది.

ఇంటిగ్రేషన్ లెక్కల విషయంలో నాదొక నియమం. ఇంటిగ్రల్ గుర్తు రాసే ముందు గ్రాఫ్ గీయాలి. వలయం అక్షం మీద ఫీల్డ్ లెక్క అనుకోండి. కేంద్రంలో సున్నా, ఎందుకంటే ఎదురెదురు ముక్కలు రద్దు చేసుకుంటాయి. చాలా దూరంలో బిందు ఛార్జిలా తగ్గాలి. రెండు చివరలా సున్నా అయితే మధ్యలో ఎక్కడో గరిష్ఠం ఉండి తీరాలి. ఇదంతా పెన్ను కాగితం మీద పెట్టకముందే తెలుస్తుంది. తర్వాత లెక్క చేస్తే ఆ గరిష్ఠం వ్యాసార్థాన్ని రూట్ 2తో భాగించిన దూరంలో, అంటే సుమారు 0.71 వంతు దగ్గర వస్తుంది. గ్రాఫ్ ముందు గీసినవాడు గుర్తు తప్పు పడితే తనే పట్టుకుంటాడు. గీయనివాడు వెనక పేజీలో జవాబు చూసుకుంటాడు.

ఇక గాస్ నియమం. కనీసం వారంన్నర ఇవ్వండి. ఇక్కడ పిల్లలు రెండు విషయాలు కలిపేస్తారు: నియమం నిజమవడం, నియమం పనికిరావడం. మూసి ఉన్న ఏ ఉపరితలానికైనా, అది ఎంత వంకరగా ఉన్నా, గాస్ నియమం నిజం. కానీ దానితో ఫీల్డ్ లెక్కకట్టాలంటే ఇంటిగ్రల్ లోంచి ఫీల్డ్‌ని బయటికి లాగగలగాలి, అందుకు సౌష్ఠవం (తిప్పినా జరిపినా అమరిక మారకపోవడం) కావాలి. నేనడిగే ప్రశ్న ఇది: ఘనం మధ్యలో ఛార్జి పెడితే ఒక ముఖం గుండా పోయే ఫ్లక్స్ ఎంత? మొత్తంలో ఆరో వంతు, అందరూ చెబుతారు. మరి ఆ ముఖం మీద ఫీల్డ్ అంతటా ఒకేలా ఉందా? లేదు, ముఖం మధ్యలో ఎక్కువ, మూలల్లో తక్కువ. అయితే ఫ్లక్స్ ఎలా తెలిసింది? ఇక్కడ కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఛార్జిని ఘనం మూలకి జరపండి. అలాంటి ఎనిమిది ఘనాలు పేర్చితే ఛార్జి మధ్యలోకొస్తుంది కాబట్టి మన ఘనం వాటా ఎనిమిదో వంతు. ఛార్జిని తాకుతున్న మూడు ముఖాలకి ఫీల్డ్ సమాంతరం, ఫ్లక్స్ లేదు. మిగిలిన ఒక్కో ముఖానికి 24వ వంతు. ఒక్క ఇంటిగ్రల్ కూడా చేయలేదు, అయినా ఫీల్డ్ గురించి చాలా మాట్లాడుకున్నాం.

సౌష్ఠవ వాదనని మాటల్లో రాయించండి. "సౌష్ఠవం వల్ల ఫీల్డ్ రేడియల్‌గా ఉంటుంది" అనే వాక్యానికి నేను మార్కులు ఇవ్వను. ఏ సౌష్ఠవం? గోళాన్ని తిప్పితే ఛార్జి అమరిక మారలేదు కాబట్టి ఫీల్డ్ కూడా మారకూడదు. ఫీల్డ్ పక్కకి వాలి ఉంటే, ఆ బిందువు గుండా పోయే వ్యాసం చుట్టూ గోళాన్ని తిప్పినప్పుడు ఆ వాలు కూడా తిరుగుతుంది. అమరిక మారకుండా ఫీల్డ్ మారినట్టవుతుంది, కాబట్టి వాలు ఉండటానికి వీల్లేదు. ఈ నాలుగు వాక్యాలు రాయగలిగినవాడికి లెక్క ఎలాగూ వస్తుంది.

చరిత్ర కథలు చెప్పడం నాకిష్టమే గానీ, పాఠానికి పనికొచ్చేవే చెబుతాను. ఛార్జి ఉన్న లోహపు పాత్ర లోపల బలం లేదని గమనించి, గురుత్వాకర్షణతో పోల్చి, ఇక్కడా విలోమ వర్గ నియమమే ఉండాలని ప్రీస్ట్‌లీ 1767లోనే ఊహించాడు. కూలుంబ్ టార్షన్ బ్యాలెన్స్ (తీగ మెలితో బలం కొలిచే త్రాసు) కొలతలు 1785లో వచ్చాయి. అంటే లోపల సున్నా అన్నదానికీ దూరం వర్గానికి విలోమం అన్నదానికీ లంకె ఉందని కొలత కన్నా ముందే ఒకాయనకి తోచింది. బోలు గోళం లోపల సున్నా ఎందుకో బోర్డు మీద చూపించేటప్పుడు ఈ మాట చెబితే బాగా నాటుకుంటుంది. లోపలి బిందువు నుంచి రెండువైపులా ఒకే శంకువు గీస్తే, దూరపు ముక్క వైశాల్యం దూరం వర్గంతో పెరుగుతుంది, బలం అదే వర్గంతో తగ్గుతుంది.

కండక్టర్ల దగ్గర "లోపల ఫీల్డ్ సున్నా" అనేది ఒక మంత్రంలా చదువుతారు. ఎవరు సున్నా చేశారు? లోహమేమీ ఫీల్డ్‌కి అడ్డుగోడ కాదు. బయటి ఛార్జి ఫీల్డ్ లోపలికి వస్తూనే ఉంది, ఉపరితలం మీద చేరిన ఛార్జీలు సరిగ్గా వ్యతిరేకమైన ఫీల్డ్ చేస్తున్నాయి. ఈ మెలిక అర్థమైందో లేదో చూడటానికి నా దగ్గరున్న మంచి ప్రశ్న: కండక్టర్ ఉపరితలం పక్కన ఫీల్డ్ సిగ్మా (ఉపరితలం మీద ఛార్జి సాంద్రత) బై ఎప్సిలాన్ నాట్ (ఖాళీ స్థలపు విద్యుత్ స్థిరాంకం). ఒంటరి పలక పక్కన దానిలో సగమే. రెండు చోట్లా ఛార్జి సాంద్రత అదే కదా, మిగతా సగం ఎవరిచ్చారు? కండక్టర్ మీద మిగతా ఛార్జీలన్నీ కలిసి ఇచ్చాయి. దగ్గరున్న ముక్క బయట సగం, లోపల వ్యతిరేక దిశలో సగం ఇస్తుంది. దూరపు ఛార్జీలు రెండువైపులా ఒకే దిశలో సగం ఇస్తాయి. బయట కలిసి పూర్తి, లోపల రద్దయి సున్నా. ఉపరితలం మీద బలం లెక్కలో రెండుతో భాగించడం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఇక్కడే తేలిపోతుంది, ఎందుకంటే ముక్క తనని తాను తోసుకోలేదు.

పొటెన్షియల్ గురించి రెండు ముక్కలు చాలు. సమానమైన రెండు ధన ఛార్జీల మధ్య బిందువులో ఫీల్డ్ సున్నా, పొటెన్షియల్ సున్నా కాదు. ఒక ధన, ఒక రుణ ఛార్జి మధ్యలో పొటెన్షియల్ సున్నా, ఫీల్డ్ సున్నా కాదు. ఈ జంట ఉదాహరణ రోజుకొకసారి అడిగినా తప్పులేదు. కొండ ఎత్తు, కొండ వాలు అనే పోలిక బాగానే పనిచేస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు, చాలామంది లెక్చరర్లు దాటవేసే చోటు: సర్క్యూట్. ఎలక్ట్రోస్టాటిక్స్ ఒక పుస్తకం, సర్క్యూట్లు ఇంకో పుస్తకం అన్నట్టు చెబుతాం. పిల్లలు కూడా కిర్కాఫ్ సమీకరణాలు రాసుకుంటూ ఛార్జినీ ఫీల్డ్‌నీ మరిచిపోతారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజుర్ గమనించింది ఇదే. రెండు లూపుల సర్క్యూట్‌ని అంకెలతో సాధించగలిగిన విద్యార్థులే, స్విచ్ వేస్తే ఏ బల్బు వెలుగు పెరుగుతుందని అడిగితే తడబడ్డారు. 1991 నుంచి ఆయన క్లాసులో ప్రశ్న అడిగి, పక్కవాళ్ళతో వాదించుకోనిచ్చి, మళ్ళీ జవాబు అడిగే పద్ధతి మొదలుపెట్టాడు. ఆ పద్ధతి నేనూ వాడతాను. క్లాసులో గోల ఎక్కువవుతుంది, అలవాటు చేసుకోవాలి.

నేనడిగేది ఇలా ఉంటుంది. తీగలో కరెంటు పోతోందంటే లోపల తీగ వెంబడి ఫీల్డ్ ఉండాలి. తీగని ముడి వేసినా, వంకరటింకరగా పరిచినా ఫీల్డ్ తీగ వెంటే తిరుగుతుంది. బ్యాటరీ ఎక్కడో దూరంగా ఉంది, దాని ఛార్జీల ఫీల్డ్ ఈ ముడిని అనుసరించి మలుపులు తిరగదు కదా. మరి ఎవరు తిప్పుతున్నారు? మొదట "ఎలక్ట్రాన్లు వెనక నుంచి నెట్టుకుంటాయి" అంటారు. తీగ లోపల ఎలక్ట్రాన్లూ అయాన్లూ కలిసి నికరంగా తటస్థమే కాబట్టి ఆ నెట్టుడు కుదరదు. అసలు జవాబు, తీగ ఉపరితలం మీద చేరిన అతి కొద్ది ఛార్జి. బ్యాటరీ ధన ధ్రువం వైపు కాస్త ధన ఛార్జి, రుణ ధ్రువం వైపు కాస్త రుణ ఛార్జి, మధ్యలో క్రమంగా మార్పు. రెసిస్టర్ దగ్గర ఆ మార్పు బాగా నిటారుగా ఉంటుంది, అందుకే అక్కడ ఫీల్డ్ ఎక్కువ.

ఎంత ఛార్జి కావాలో ఒకసారి లెక్క వేయించండి. 1 ఆంపియర్ కరెంటు పోతున్న రాగి తీగ ఒక లంబకోణ మలుపు తిరిగిందనుకుందాం. ఫీల్డ్‌ని అంత మళ్ళించడానికి కావలసిన ఛార్జి, ఎప్సిలాన్ నాట్‌ని కరెంటుతో గుణించి రాగి వాహకతతో భాగిస్తే వచ్చేంత. 8.85 × 10⁻¹² ని సుమారు 6 × 10⁷ తో భాగిస్తే 1.5 × 10⁻¹⁹ కూలుంబ్. ఒక ఎలక్ట్రాన్ ఛార్జి 1.6 × 10⁻¹⁹. అంటే ఒక్క ఎలక్ట్రాన్ పాటి ఛార్జి మలుపు దగ్గర నిలబడి, సెకనుకి 6 × 10¹⁸ ఎలక్ట్రాన్లకి దారి చూపిస్తోంది! బోర్డు మీద ఈ అంకె తేలగానే వెనక బెంచీలో కూడా తలలు లేస్తాయి. (మొత్తం సర్క్యూట్ ఉపరితలం మీద ఉండే ఛార్జి వేరే లెక్క, అది వోల్టేజీనీ తీగల అమరికనీ బట్టి ఉంటుంది. ఆ మాట కూడా చెప్పండి, లేకపోతే అంతా ఒక్క ఎలక్ట్రానే అనుకుంటారు.)

పనిలో పనిగా డ్రిఫ్ట్ వేగం, అంటే ఎలక్ట్రాన్లు సగటున ముందుకి జరిగే వేగం. రాగిలో ఘనపు మీటరుకి 8.5 × 10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు. 1 చదరపు మిల్లీమీటరు తీగలో 1 ఆంపియర్ పోతే వేగం సెకనుకి 0.07 మిల్లీమీటరు. ఒక మీటరు దాటడానికి మూడు గంటల ముప్పావు పైనే పడుతుంది. అయితే స్విచ్ వేయగానే లైటు ఎలా వెలుగుతోంది? ఉపరితల ఛార్జీల అమరిక మారుతున్న సంగతి తీగల పక్కనున్న ఖాళీ స్థలంలో ఫీల్డ్‌గా, కాంతి వేగానికి దగ్గరి వేగంతో పరుగెడుతుంది కాబట్టి. గొట్టం నిండా ముందే నీళ్ళున్నాయి అనే పోలికతో సరిపెట్టుకునే బదులు ఈ మాటే చెప్పండి. నీళ్ళ పోలిక వల్ల కరెంటు దారిలో ఖర్చయిపోతుందనే అపోహ కొందరిలో ఇంకా గట్టిపడటం చూశాను.

అయస్కాంతత్వానికి వద్దాం. ఈ డ్రిఫ్ట్ వేగం అంకె ఇక్కడ మళ్ళీ పనికొస్తుంది. 1 ఆంపియర్ పోతున్న రెండు సమాంతర తీగలు 1 మీటరు దూరంలో ఉంటే, మీటరు పొడవుకి బలం 2 × 10⁻⁷ న్యూటన్. 2019 మే 20 వరకు ఆంపియర్‌కి నిర్వచనమే ఇది. ఇప్పుడు పిల్లల్ని ఇలా అడగండి: మనం చెప్పుకున్న తీగలో మీటరు పొడవున కదిలే ఎలక్ట్రాన్ల ఛార్జి ఎంత? 13,600 కూలుంబ్‌లు. అయాన్లు లేకుండా ఉత్త ఆ ఎలక్ట్రాన్లే రెండు తీగల్లో ఉంటే వికర్షణ ఎంత? మీటరుకి సుమారు 3.3 × 10¹⁸ న్యూటన్‌లు. దాన్ని డ్రిఫ్ట్ వేగానికీ కాంతి వేగానికీ ఉన్న నిష్పత్తి వర్గంతో, అంటే 6 × 10⁻²⁶ తో గుణించండి. 2 × 10⁻⁷ వస్తుంది! విద్యుత్ బలం అయాన్ల వల్ల అంత కచ్చితంగా రద్దయింది కాబట్టే, నత్త కన్నా నెమ్మదిగా కదిలే ఎలక్ట్రాన్ల సాపేక్షతా ప్రభావం మన చేతికి తగిలేంత మిగిలింది. సాపేక్షత సిద్ధాంతం సిలబస్‌లో లేకపోయినా ఈ లెక్క చెబుతాను. కదిలేది అయస్కాంతమా, తీగా అన్న ప్రశ్నతోనే కదా ఐన్‌స్టయిన్ 1905 వ్యాసం మొదలైంది.

మొదటి ప్రదర్శన మాత్రం అయిర్‌స్టెడ్ 1820లో చేసిందే. తీగ కింద దిక్సూచి. కరెంటు ఇవ్వకముందే సూది ఎటు తిరుగుతుందో రాయమనండి. కుడిచేతి నియమం కంఠతా వచ్చినవాళ్ళు కూడా తీగవైపు లాగుతుందనో, తీగ వెంట తిరుగుతుందనో రాస్తారు. అడ్డంగా తిరగడం ఆనాటి శాస్త్రవేత్తలకీ వింతే. అంతవరకు తెలిసిన బలాలన్నీ రెండు వస్తువుల్ని కలిపే గీత మీద ఉండేవి.

"అయస్కాంత బలం పని చేయదు" అన్న వాక్యం చెప్పిన రోజే, కరెంటు ఉన్న తీగని ఫీల్డ్ పైకి ఎత్తితే పని ఎవరు చేశారని అడగండి. తీగ పైకి లేస్తుంటే ఎలక్ట్రాన్ల వేగం కాస్త వాలుతుంది, బలం వాటి కరెంటు దిశకి కొంత ఎదురు నిలుస్తుంది, దాన్ని అధిగమించి కరెంటుని నిలబెట్టేది బ్యాటరీ. బిల్లు కట్టేది బ్యాటరీయే. మోటారులో వచ్చే బ్యాక్ ఈఎమ్ఎఫ్ (బ్యాటరీకి ఎదురు నిలిచే వోల్టేజీ) ఇదే అని అప్పుడు చెబితే కొత్త పదం నేర్చుకున్నట్టుండదు.

ఆంపియర్ నియమం దగ్గర ఒక ఉచ్చు బిగిస్తాను. చిన్న తిన్నని తీగ ముక్క, రెండు చివరలూ తెగి ఉన్నాయి, అందులో కరెంటు. మధ్య లంబ తలంలో వృత్తం గీస్తే సౌష్ఠవం చక్కగా ఉంది, ఫీల్డ్ వృత్తమంతా ఒకటే. ఆంపియర్ నియమం వేస్తే అనంతమైన తీగ జవాబే వస్తుంది. బయో-సవార్ట్ నియమం (తీగలో ఒక్కో ముక్క ఇచ్చే ఫీల్డ్‌ని కూడే పద్ధతి) వేస్తే అంతకంటే తక్కువ వస్తుంది. రెంటిలో ఏది తప్పు? గాస్ నియమం దగ్గర సౌష్ఠవం లేకే పని జరగలేదు, ఇక్కడ సౌష్ఠవం ఉండి కూడా జరగలేదు. రెండు రోజులు వాళ్ళకే వదిలేయండి. తెగిన చివరల్లో ఛార్జి పోగుపడుతోంది, ఒక చివర ధన, ఒక చివర రుణ, వాటి విద్యుత్ ఫీల్డ్ మన వృత్తం గుండా పోతూ క్షణక్షణం పెరుగుతోంది. ఆ మార్పుని డిస్‌ప్లేస్‌మెంట్ కరెంట్‌గా కలిపితే బయో-సవార్ట్ జవాబు అక్షరాలా వచ్చేస్తుంది. మాక్స్‌వెల్ పదాన్ని కెపాసిటర్ పలకల బొమ్మతో పరిచయం చేయడం మామూలు. ఈ తీగ ముక్కతో చేస్తే ఆ పదం లేకపోతే లెక్క తప్పుతుందని వాళ్ళ చేతులకే తెలుస్తుంది.

ఇక ఫారడే. 1831 ఆగస్టు 29న ఇనుప వలయం మీద రెండు చుట్లు చుట్టి, ఒకదానిలో కరెంటు వేసినప్పుడూ తీసినప్పుడూ మాత్రమే రెండోదానిలో సూది కదలడం చూశాడు. ఆ "మాత్రమే" అన్న మాటే పాఠం. లెంజ్ నియమం (ప్రేరిత కరెంటు ఫ్లక్స్ మార్పుని ఎదిరిస్తుందనేది) తప్పు చెప్పేవాళ్ళలో చాలామంది ఫ్లక్స్‌ని వ్యతిరేకిస్తారు, ఫ్లక్స్ మార్పుని కాదు. రాగి గొట్టంలో అయస్కాంతం జారవిడిచి చూపించండి. ఎలాగూ అందరికీ నచ్చుతుంది. కానీ అక్కడితో ఆపకుండా, గొట్టానికి నిలువునా ఒక చీలిక పెడితే ఏమవుతుందో ముందు రాయించండి. అయస్కాంతం కాస్త వేగంగా పడుతుంది, కానీ నెమ్మది పూర్తిగా పోదు, ఎందుకంటే ఎడ్డీ కరెంట్లు (లోహంలో సుడులు తిరిగే కరెంట్లు) చీలికని దాటకుండా గోడలోనే వేరే దారుల్లో తిరుగుతాయి.

దీనికంటే పదునైనది రెండు వోల్ట్‌మీటర్ల ప్రశ్న. పొడవాటి సొలినాయిడ్ (గొట్టంలా చుట్టిన తీగ చుట్లు) చుట్టూ ఒక లూప్, అందులో ఎడమవైపు 100 ఓమ్‌లు, కుడివైపు 900 ఓమ్‌లు. సొలినాయిడ్ ఫ్లక్స్ మారుతూ లూప్‌లో 1 వోల్టు పుట్టిస్తోంది, కాబట్టి 1 మిల్లీఆంపియర్ పోతోంది. లూప్ పైబిందువుకీ కిందిబిందువుకీ ఎడమ పక్క నుంచి ఒక వోల్ట్‌మీటరు, కుడి పక్క నుంచి ఒకటి కలిపాం. రెండూ తాకుతున్నది అవే రెండు బిందువులు. ఒకటి 0.1 చూపిస్తుంది, రెండోది 0.9, పైగా వ్యతిరేక గుర్తుతో. మొదట ఎవరూ నమ్మరు, కొందరు లెక్చరర్లు కూడా నమ్మరు. ప్రేరిత ఫీల్డ్‌కి పొటెన్షియల్ లేదు, రెండు బిందువుల మధ్య వోల్టేజీ అన్నది దారిని బట్టి మారుతుంది, మీటరు తీగలు కూడా ఆ దారిలో భాగమే. ఆరు వారాల కింద "పొటెన్షియల్ దారి మీద ఆధారపడదు" అని మనమే చెప్పాం కాబట్టి, ఆ మాట ఏ షరతు మీద చెప్పామో ఇప్పుడు తవ్వుకోవాలి.

ఇక్కడ మన పాత ప్రశ్న మళ్ళీ వస్తుంది. సొలినాయిడ్ బయట ఈ విద్యుత్ ఫీల్డ్‌ని ఎవరు చేశారు? ఛార్జి పోగుపడి చేసింది కాదు. "మారుతున్న అయస్కాంత ఫీల్డ్ చేసింది" అని అందరం చెబుతాం. కానీ పొడవాటి సొలినాయిడ్ బయట అయస్కాంత ఫీల్డ్ దాదాపు లేనేలేదు. నేను చెప్పేది ఇలా: సొలినాయిడ్ చుట్లలో మారుతున్న కరెంటే రెండిటికీ మూలం, లోపలి అయస్కాంత ఫీల్డ్ మార్పూ బయటి విద్యుత్ ఫీల్డూ కలిసి వస్తాయి, వాటి మధ్య లెక్క ఫారడే నియమం. అంటే ఊరికే ఉన్న ఛార్జి, కదిలే ఛార్జి, కదలిక మారుతున్న ఛార్జి, జవాబులన్నీ ఈ మూడింట్లోనే. ఈ చివరిదే కొనసాగితే రేడియేషన్ అవుతుంది, పై సెమిస్టర్‌కి అదే తలుపు.

పదార్థాల అధ్యాయాలు, అంటే పదార్థం లోపల లెక్కలకి వాడే డి, హెచ్ ఫీల్డులు, నేను తొందరగా దాటేస్తాను. ఒక్క హెచ్చరిక ఇస్తాను: డి కి గాస్ నియమంలో స్వేచ్ఛా ఛార్జి మాత్రమే ఉందని, స్వేచ్ఛా ఛార్జి లేకపోతే డి సున్నా అనుకోవద్దు. శాశ్వతంగా పోలరైజ్ అయిన కడ్డీలో స్వేచ్ఛా ఛార్జి ఎక్కడా లేదు, డి ఉంది. మొదట్లో బయటి ఛార్జి ఫీల్డ్‌ని మార్చదన్న తప్పే ఇది, వేషం మార్చుకుని వచ్చింది.

పరీక్ష పేపర్ మీ చేతిలో ఉంటే లెక్కల సంఖ్య తగ్గించి, రెండు ప్రశ్నలైనా మాటల్లో జవాబు రాసేవి పెట్టండి. చతురస్రపు పలక ఫీల్డ్‌ని గాస్ నియమంతో ఎందుకు లెక్కకట్టలేం? ఖాళీగా ఉన్న చోట కేవలం నిశ్చల ఛార్జీల విద్యుత్ ఫీల్డులతో ఒక ఛార్జిని స్థిరంగా నిలబెట్టగలమా? ఇలాంటివి. దిద్దడం కష్టమే, నలభై పేపర్లు దాటితే నడుం పట్టేస్తుంది. పేపర్ మీ చేతిలో లేకపోతే ఇవే ప్రశ్నలు క్లాసు మొదట్లో ఐదు నిమిషాలు అడిగి, చీటీల మీద రాయించి తీసుకోండి. మార్కులు వేయకండి, చదివితే చాలు. ఆ చీటీలు నాకు చెప్పినన్ని విషయాలు ఇంటర్నల్ పేపర్లు చెప్పలేదు.

సమయం చాలకపోతే ఏది వదలాలని కూడా అడిగారు కదా. ఏసీ సర్క్యూట్ల ఫేజర్ లెక్కలు సగానికి తగ్గించండి, ప్రాక్టికల్స్‌లో మళ్ళీ వస్తాయి. ఇమేజ్ ఛార్జీలు ఒక్క పలకకి చాలు, గోళం వదిలేయండి. హిస్టెరిసిస్ ఒక గంటలో అయిపోతుంది. ఉపరితల ఛార్జీలు, రెండు వోల్ట్‌మీటర్లు సిలబస్‌లో లేకపోయినా వదలకండి. రెండూ కలిపి మూడు గంటలు పడుతుంది.